మిగిల్చే గుప్పెడు

"ఇర్యా, ఒకసారి కిందికి రా, వాసన చూడు."
రోజూ పొద్దున్నే నేలమాళిగ మెట్ల అడుగు నుంచి
ఇదే పిలుపు.
ముప్పై ఒక్కేళ్లు కాగితం మిల్లులో
గంధకం ఆవిరి పీల్చి పీల్చి
రేనో ముక్కు ముఖానికి అలంకారంగా మిగిలింది.
కాఫీ పొంగినా తెలీదు, రొట్టె మాడినా తెలీదు.
అందుకని నలభై చుంచెలుకల సంసారానికి
నేనే ముక్కుని.

బడి మూసేసినప్పుడు సైన్సు గదిలో కొండచిలువని
ఎవరూ తీసుకోలేదు.
తనే కోటు లోపల, కడుపుకి చుట్టుకుని తెచ్చాడు.
దానికి వారానికి మూడు ఎలుకలు.
సుపీరియర్ సరస్సు గడ్డకట్టే ఈ ఒడ్డుకి
ఐసులో పెట్టి పంపే ఎలుక కన్నా
దాని పోస్టు ఖర్చే ఎక్కువ.
"మనమే పెంచుదాం" అన్నాడు.
పెంచడమంటే వాసనని పెంచడమని
మా ఇద్దరికీ తెలీదు.

మొదట సీడర్ పొట్టు తెచ్చాడు.
అబ్బ, ఏం పరిమళం!
అమ్మ ఉన్నిబట్టల పెట్టె మూత తీసినట్టు.
నేను మెచ్చుకున్నాను కూడా.
పదో రోజుకి తుమ్ములు.
ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే
ఊపిరిలో సన్నటి గిలక.
నాకు పరిమళం, వాటికి పొగ.

తర్వాత పైన్.
"పచ్చిది వద్దు, బట్టీలో ఆరిందే పట్టుకెళ్లు"
అన్నాడు దాణా కొట్టు ఓరెస్ట్.
తర్వాత ఆస్పెన్, తెల్లని మర్యాదస్తురాలు,
తనకంటూ వాసన లేదు,
కానీ కడుపులో తడి దాచుకోలేదు,
మూడోనాటికి మూలమూలా చెప్పేస్తుంది.
చివరికి కాగితం గుళికలు.
రేనో ఒకదాన్ని నీళ్లలో ఉబ్బనిచ్చి
బొటనవేలితో నలిపి చూశాడు.
"పొట్టి పోగు. మన గుజ్జు కాదిది."
ముక్కు పోయింది గానీ
మిల్లు వాసనలు పోలేదు మనిషికి.

అడుగున గుళికలు, పైన రెండంగుళాల ఆస్పెన్,
గూటికి చింపిన టిష్యూ.
మైనస్ ముప్పైలో కిటికీ ఎక్కడ తెరుస్తాం?
డ్రయ్యర్ కంతకి ఫ్యాను బిగించాడు.
నలభై ఎలుకల ఊపిరి
మంచులోకి తెల్లగా పోతుంటే
పక్కింటి డెలోర్మ్ గారి భార్య అడిగింది,
"మొక్కజొన్న వేయించారా?"
అవునన్నాను.

నా చెల్లెలు హిల్కా వస్తోందన్న ఏడు
పరువు కోసం పడ్డ పాటు అది:
డబ్బాలూ చక్రాలూ నీటి సీసాలూ
వెనిగర్‌తో తోమి తోమి
పేడు మిగలకుండా ఊడ్చాను.
తెల్లారేసరికి ముక్కు పగిలింది.
ఇల్లు పోయిన మగ ఎలుకలు
రాత్రంతా తిరిగి
చుక్క చుక్కగా తమ పేర్లు
మళ్లీ రాసుకున్నాయి.
ఒక తల్లి తన ఈతని తానే తినేసింది.
ఆ సంగతి హిల్కాకి చెప్పలేదు.

ఓరెస్ట్ నవ్వలేదు.
"అంతా తియ్యకూడదమ్మా.
తడిసింది తీసెయ్.
పొడిది, పాతది, ఒక గుప్పెడు వదిలెయ్.
అది తమ ఇల్లేనని వాటికి తెలియాలిగా."

అప్పట్నుంచీ శుక్రవారాలు
గుప్పిట బిగించి కొలుస్తాను.
శనివారాలు రేనోవి.
గుడ్డ కప్పి, క్షణంలో, చప్పుడు లేకుండా.
ఆ పనికి నన్ను పిలవడు.

పోయిన వసంతంలో మిల్లు మూతపడింది.
ఊరి గాలి బాగుపడిందని పేపర్లో వేశారు.
అందరూ కిటికీలు తెరిచారు, దుప్పట్లు ఆరేశారు.
ఆ రాత్రి భోజనం మధ్యలో లేచి
చొక్కా మీదే వీధి చివరి దాకా నడిచాడు.
వెనకే వెళ్లాను కోటు పట్టుకుని.
సరస్సు వైపు మొహం పెట్టి నిలబడి,
ఎటూ చూడకుండా,
"ఏమైనా వస్తోందా, ఇర్యా?"

కరుగుతున్న మంచు. తడి మట్టి.
ఎవరింట్లోనో ఉల్లిపాయలు.

"కొంచెం" అన్నాను.